తొంభై డిగ్రీల మీథేన్

దుంగ లచ్చయ్య స్మారక డిగ్రీ కళాశాలకు స్వయంప్రతిపత్తి వచ్చిన రోజున వేములదిన్నెలో బాణసంచా కాల్చారు. స్వయంప్రతిపత్తి అంటే ఏమిటని ఊరివాళ్ళు అడిగితే కాలేజీవాళ్ళు తమకు తెలిసినంత చెప్పారు. ఇక మీదట మన సిలబస్ మనదే, మన ప్రశ్నపత్రం మనదే, మన జవాబులు కూడా మనవే. ఆ చివరి మాట ఎంత నిజమో తెలియడానికి మొదటి సెమిస్టర్ ఫలితాలు వచ్చేదాకా ఆగాల్సి వచ్చింది.

ఫలితాలు వచ్చిన మధ్యాహ్నం హైమావతి ల్యాబులో బ్యూరెట్లు కడిగిస్తోంది. ఆమె ఆ కాలేజీలో కెమిస్ట్రీ కాంట్రాక్ట్ లెక్చరర్. ఏటా జూన్‌లో ఆమె ఉద్యోగం చచ్చి, ప్రిన్సిపాల్ సంతకంతో మళ్ళీ పుడుతుంది. అలా ఎన్ని జన్మలెత్తిందో ఆమే లెక్కపెట్టడం మానేసింది.

గౌతమి వచ్చి గుమ్మంలో నిలబడింది. కొండకింద పల్లె నుంచి వచ్చిన మొదటి సంవత్సరం పిల్ల. ట్రస్టు వాళ్ళ ఉచిత హాస్టల్‌లో మంచం ఉంది కాబట్టి చదువుతోంది, లేకపోతే లేదు. ఆ హాస్టల్‌కొక నియమం ఉంది. ఒక్క పేపరు తప్పినా మంచం ఖాళీ చెయ్యాలి. గౌతమి కెమిస్ట్రీ తప్పింది. పరీక్షనాడు మలేరియా జ్వరంతో సగం పేపరే రాయగలిగింది. రాసిన సగంలో ఒక్కటి తప్ప అన్నీ ఒప్పేనని హైమావతితోనే అన్నారు దిద్దినవాళ్ళు. పాసవడానికి ఆ ఒక్క మార్కే తగ్గింది.

హైమావతి జవాబు పత్రం తెప్పించి చూసింది. ఖాళీలు పూరించే భాగంలో, మీథేన్ అణువులో బంధకోణం అన్నచోట గౌతమి 109.5 డిగ్రీలని రాసింది. దాని మీద ఎర్ర ఇంకుతో అడ్డగీత. పక్కన అదే ఇంకుతో 90.

హైమావతికి ముందు నవ్వొచ్చింది. ఏదో పొరపాటనుకుంది. పొరపాటైతే పది నిమిషాల పని అనుకుని పరీక్షల విభాగానికి నడిచింది. ఆ నవ్వే ఆమె ఆ నెలలో నవ్విన ఆఖరి నవ్వు.

పరీక్షల నియంత్రణాధికారి డాక్టర్ త్రిపురాంతకం. పంచాయతీ సమావేశాల్లో కోరం సమస్య మీద పరిశోధన చేసి డాక్టరయ్యాడు. కెమిస్ట్రీ కీ, అంటే సరైన జవాబుల పట్టీ, తయారు చెయ్యాల్సిన బయటి పెద్దమనిషి సమయానికి పంపకపోతే, పని ఆగకూడదన్న సదుద్దేశంతో తానే కూర్చుని తయారు చేశాడు. పాఠ్యపుస్తకంలో మీథేన్ బొమ్మ ఉంది. మధ్యలో కార్బన్, నాలుగు పక్కలా నాలుగు హైడ్రోజన్లు, కూడిక గుర్తులా. మనవరాలి జామెట్రీ బాక్సు తెప్పించి కోణమానిని బొమ్మ మీద పెట్టి కొలిచాడు.

"ఒక్కటి కాదు మేడమ్, నాలుగు కోణాలూ కొలిచాను," అన్నాడు. "నాలుగు తొంభైలు మూడొందల అరవై. లెక్క సరిపోయింది. మీ నూటతొమ్మిదిన్నరని నాలుగు పెట్టి హెచ్చించండి. నాలుగొందల ముప్ఫై ఎనిమిది. ఆ డెబ్భై ఎనిమిది డిగ్రీలు ఎక్కణ్ణించి తెచ్చారు? రేపు ఆడిట్‌లో అడిగితే నేనేం చెప్పాలి?"

హైమావతి ఓపిగ్గా చెప్పింది. పుస్తకంలో బొమ్మ కాగితం మీద పరిచిన బొమ్మ. అసలు అణువు గాలిలో నాలుగు వైపులా విచ్చుకుని ఉంటుంది. కార్బన్ చుట్టూ ఉన్న నాలుగు ఎలక్ట్రాన్ జంటలకూ ఒకదానికొకటి పడదు. ఆస్తి తగాదా పడ్డ నలుగురు అన్నదమ్ములు ఒకే పెళ్ళికొస్తే ఎవరికి వారు ఎంత దూరంగా కూర్చోగలరో అంత దూరంగా కూర్చున్నట్టు, ఆ జంటలు కూడా దూరం జరుగుతాయి. నేల మీదే జరగాలని వాటికి లేదు, పైకి కూడా జరుగుతాయి. అప్పుడొచ్చేదే నూటతొమ్మిదిన్నర.

త్రిపురాంతకం శ్రద్ధగా విన్నాడు. విని, అసలు సంగతి మీథేన్‌ది కాదని చెప్పాడు. కీ మారిస్తే పేపర్లన్నీ మళ్ళీ దిద్దాలి. మళ్ళీ దిద్దితే కీ తప్పని ఒప్పుకున్నట్టు. కీ తప్పయితే నియంత్రణాధికారి తప్పు. నియంత్రణాధికారి తప్పయితే స్వయంప్రతిపత్తే తప్పు. ఒక కోణం కోసం ఊరు కాల్చిన బాణసంచాని వెనక్కి తేగలమా? అన్యాయం జరిగిందనుకుంటే సదరు విద్యార్థిని సరైన మార్గంలో అర్జీ పెట్టుకోవచ్చు. సరైన మార్గం ఏదంటే తన ద్వారానే.

మర్నాడు హైమావతి నాలుగు బెలూన్లు కొనుక్కుని ప్రిన్సిపాల్ గదికి వెళ్ళింది. ప్రిన్సిపాల్ డాక్టర్ పట్నాయక్ ఎప్పుడో ఫిజిక్స్ చదువుకున్నవాడు. ఏ ఫైలుకైనా రెండు వైపులా తలూపగలడు. త్రిపురాంతకం కూడా పిలవకుండానే వచ్చి కూర్చున్నాడు.

ఆమె బెలూన్లు ఊది నాలుగు మూతులూ ఒక్కచోట కట్టింది. వాటికెవరూ ఏమీ చెప్పలేదు. అవే ఒకదాన్నొకటి తోసుకుని, మూడు కిందికీ ఒకటి పైకీ సర్దుకుని టేబుల్ మీద చక్కగా కూర్చున్నాయి. వీటికి తొంభైలో ఇమడడం ఇష్టం లేదు సార్, మీథేన్‌కీ అంతే అంది హైమావతి.

పట్నాయక్ ముఖంలో ఒక్క క్షణం ఏదో వెలిగింది. త్రిపురాంతకం చూసేసరికి ఆరిపోయింది.

"క్రమశిక్షణ లేకపోతే అలాగే ఉంటాయి," అని త్రిపురాంతకం రెండు లావుపాటి ఫైళ్ళు తీసి, కిందొకటి పైనొకటి పెట్టి బెలూన్లను నొక్కాడు. మూడు లొంగాయి. నాలుగోది పేలింది. అటెండరు పరిగెత్తుకొచ్చాడు. త్రిపురాంతకం మిగిలిన మూడింటి మధ్య కోణం కొలిచి నూటఇరవై అని ప్రకటించాడు. "చూశారా సార్? నిన్న నూటతొమ్మిదిన్నరన్నారు, ఇవాళ నూటఇరవై. రోజుకో మాట. మన కీ మాత్రం మొదట్నించీ ఒక్కమాట మీదే ఉంది."

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనేవాళ్ళు లోకంలో చాలామంది ఉన్నారు. కుందేలు నాలుగో కాలు నరికి లెక్క సరిచేసేవాణ్ణి హైమావతి మొదటిసారి చూసింది.

పట్నాయక్ కళ్ళు మూసుకుని ఆలోచించాడు. ఆ ఆలోచన ఫలితం సాయంత్రానికల్లా సర్క్యులర్‌గా వచ్చింది. 'పరీక్ష అనునది కాగితముపై జరుగును. కాగితమునకు పొడవు, వెడల్పు మాత్రమే కలవు. మూడవ కొలత పోస్ట్ గ్రాడ్యుయేట్ స్థాయికి చెందినదైనందున, డిగ్రీ స్థాయిలో దానిని ప్రస్తావించుట, చూపుట, ఊహించుట నిషేధించడమైనది.'

సర్క్యులర్ రాయడం ఒక ఎత్తు, అమలు చెయ్యడం ఒక ఎత్తు అంటారు. దుంగ లచ్చయ్య కాలేజీలో రెండోదే తేలికైంది. గ్రంథాలయంలో గ్లోబు తీసేసి ఆ చోట గోడకి పటం తగిలించారు. మాథ్స్ వాళ్ళు ఘనాన్ని చతురస్రమని పిలవసాగారు. వాలీబాల్‌ని స్టాకు రిజిస్టరులో 'వృత్తము, తోలుది, ఒకటి' అని తిరగరాశారు. ముంగిట్లో స్థాపకుడు లచ్చయ్యగారి నిలువెత్తు విగ్రహం ఉంది. దానికీ పొడవు వెడల్పులతో పాటు పొట్ట ఉంది కదా అని ఎవరో సందేహం లేవదీశారు. లచ్చయ్యగారు నాలుగో తరగతి దాటలేదు. ఐనా ఆయన పీజీ చదివినట్టు భావించవలెనని అనుబంధ ఉత్తర్వు వెలువడింది.

ల్యాబులో అణువుల నమూనాలు, అంటే చెక్క బంతులూ పుల్లలూ, సర్క్యులర్‌ని ఉల్లంఘిస్తున్నట్టు తేలింది. వడ్రంగిని పిలిపించి పాత చిల్లులు పూడ్చి, ఒకే మట్టంలో కొత్త చిల్లులు పెట్టించారు. మీథేన్ ముగ్గులా బల్లకు అతుక్కుని పడుకుంది.

అమ్మోనియా దగ్గర చిక్కొచ్చింది. అందులో హైడ్రోజన్లతో సంబంధం లేని ఎలక్ట్రాన్ జంట ఒకటి ఉండి, మిగిలిన మూడు బంధాలనీ పక్కకు నెడుతుందని హైమావతి రాతపూర్వకంగా తెలిపింది. త్రిపురాంతకం ఆ జంట బొమ్మలో ఎక్కడుందని అడిగాడు. బొమ్మలో లేదు. హాజరు పట్టీలో పేరు లేని జంటకు పక్కవాళ్ళను నెట్టే హక్కు ఎవరిచ్చారని నిలదీసి, ఇది ర్యాగింగ్ కిందికి వస్తుందని ర్యాగింగ్ నిరోధక సంఘానికి పంపాడు. సంఘం ఆ జంటను సస్పెండ్ చేసింది.

తరవాత నీళ్ళు. నీటి అణువు వంగి ఉంటుంది. దాన్ని తిన్నగా చెయ్యమన్నారు. నీటి అణువు తిన్నగా ఉంటే నీళ్ళలో ఉప్పు కరగదు సార్, అసలు నీళ్ళు నీళ్ళలాగే ఉండవు, ఆవిరైపోతాయని హైమావతి మొత్తుకుంది. పట్నాయక్ గంభీరంగా తలూపి, క్యాంటీన్ సాంబారులో ఉప్పు కలవడం లేదనీ, హాస్టల్ ట్యాంకులో నీళ్ళు ఉండడం లేదనీ పిల్లలు ఎంతకాలంగానో ఫిర్యాదు చేస్తున్నారనీ, ఇన్నాళ్ళకు శాస్త్రీయ కారణం దొరికిందనీ ఆ ఫిర్యాదులన్నీ మూసేశాడు.

ఇంత జరుగుతున్నా గౌతమి మార్కు ఎర్ర ఇంకు కిందే ఉంది. అకడమిక్ కౌన్సిల్ సమావేశం అయ్యేదాకా మాత్రమే మంచం ఉంచుతానని వార్డెన్ చెప్పింది. పిల్ల అప్పటికే ట్రంకుపెట్టె సర్దుకుంది.

సమావేశానికి ముందురోజు సాయంత్రం గౌతమి ల్యాబుకొచ్చింది. త్రిపురాంతకం సారు పిలిపించి ఒక దారి చెప్పారట. మీథేన్ తొంభై డిగ్రీలే, నేను అజ్ఞానంతో వేరేలా రాశాను, క్షమించండి అని రాసిస్తే దయతో మార్కు సంగతి ఆలోచిస్తారట.

"రాసిచ్చీమంటారా మేడమ్?" అంది. "ఊళ్ళో అమ్మకి సెప్పలేదు ఇంకా. తొంభయ్యో నూరో, నాకు మంచం ఉంటే సాలు."

హైమావతి చేతిలో బీకరు బల్ల మీద పెట్టింది. ఆ పిల్లకి నూటతొమ్మిదిన్నర నేర్పింది తనే. బోర్డు మీద బొమ్మ చూసి మోసపోకండి, అణువుని కళ్ళు మూసుకుని చూడండి అని చెప్పింది తనే. తొంభై అని నేర్పి ఉంటే ఈపాటికి ఈ పిల్ల మంచం మీద పడుకుని రెండో సెమిస్టర్ పుస్తకాలు చదువుకుంటూ ఉండేది.

"రాసివ్వకు," అంది చివరికి. "రేపొక్కరోజు ఆగు."

ఆగమనైతే అంది గాని రేపేం చెయ్యాలో ఆమెకు తెలియదు. ఇంటికి వెళ్ళే దారిలో పరీక్షల విభాగం ముందు ఎవరో ఎంగిలి మిఠాయి డబ్బా పారేశారు. దాన్ని చూసి ఆగింది. అది కరెస్పాండెంట్‌గారింటి మిఠాయి. కరెస్పాండెంట్ దుంగ సింహాద్రి లచ్చయ్యగారి కొడుకు, జీడిపప్పు ఫ్యాక్టరీల యజమాని, కాలేజీకి సర్వాధికారి. ఆయన మనవడు తేజేశ్వర్ కూడా ఈ క్లాసులోనే ఉన్నాడు. కుర్రాడు ఏడాదంతా చదవకపోయినా, ప్రశ్నలో అచ్చయిన బొమ్మ కూడిక గుర్తులా ఉందని తొంభై రాశాడు. ఆ ఒక్క మార్కుతో గట్టెక్కాడు. సరిగ్గా గీత మీద పాసయ్యాడు, అంచనా అంటే అలా ఉండాలి అని త్రిపురాంతకమే మిఠాయి తింటూ అందరికీ చెప్పాడు.

హైమావతి ఆ డబ్బాని కాసేపు చూసి, ఇంటికెళ్ళి హాయిగా నిద్రపోయింది.

కౌన్సిల్‌లో ఆమెకు ఓటు లేదు. ప్రత్యేక ఆహ్వానితురాలు, అంటే గోడ పక్క కుర్చీ. చర్చ పొద్దుటినుంచీ సాగింది. తెలుగు శాఖాధిపతి మీథేన్ మీద పద్యం చదివాడు. కామర్స్ శాఖాధిపతి తొంభై వల్ల కాలేజీకి లాభమా నష్టమా అని విచారించాడు. యూనివర్సిటీ నుంచి వచ్చిన ప్రతినిధి రైలుకు టైమవుతోందనీ, ఏదో ఒకటి ఏకగ్రీవంగా తేల్చమనీ అన్నాడు. అటు కీ గౌరవం పోకూడదు, ఇటు పాఠ్యపుస్తకాల గౌరవం పోకూడదు. అందరూ అలిసిపోయారు.

అప్పుడు గోడ పక్క కుర్చీ లేచి నిలబడింది.

"పెద్దలు అనుమతిస్తే ఒక్క మాట సార్," అంది హైమావతి, వినయంగా. "ఇరుపక్షాల గౌరవమూ దక్కాలంటే సగటు తీసుకోవచ్చు కదా."

గది అంతా చల్లబడింది. తొంభైకీ నూటతొమ్మిదిన్నరకీ సగటు తొంభైతొమ్మిది ముప్పావు. కామర్స్ శాఖాధిపతి రెండుసార్లు కూడి చూసి సరేనన్నాడు. త్రిపురాంతకం సంతోషంతో హైమావతిని మొదటిసారి 'అమ్మా' అని పిలిచాడు. ఇన్నాళ్ళకు వ్యవస్థలో ఎలా మసలాలో తెలుసుకున్నావమ్మా అని మెచ్చుకున్నాడు. 'మీథేన్ బంధకోణము తొంభైతొమ్మిది ముప్పావు డిగ్రీలుగా ఏకగ్రీవముగా నిర్ణయించడమైనది. కీని తదనుగుణముగా సవరించి ఫలితములు తక్షణమే పునఃప్రకటించవలెను.' ప్రతినిధి సంతకం పెట్టి రైలెక్కాడు.

కొత్త కీ ప్రకారం ఫలితాలు మర్నాడే గోడకెక్కాయి. తొంభైతొమ్మిది ముప్పావు అని రాసిన విద్యార్థి భూప్రపంచంలో లేడు కాబట్టి ఆ ప్రశ్నకు ఎవరికీ మార్కు రాలేదు. గౌతమి తప్పిన చోటే తప్పి ఉంది. గీత మీదున్న తేజేశ్వర్ గీత కిందికొచ్చాడు.

మధ్యాహ్నానికి సింహాద్రిగారి కారు ముంగిట్లో ఆగింది. ఆయన ప్రిన్సిపాల్ గదిలోకి వచ్చి కుర్చీలో కూర్చోలేదు. ఆయన కూర్చోనప్పుడు ఎవరూ కూర్చోరు.

"మా గుంటడు పాసైపోనాడని మిఠాయి తిన్నది మీరే కదా," అన్నాడు నెమ్మదిగా. "అరిగిపోయిందేటి? ఊరంతా పంచినాను. ఇప్పుడు ఇంటింటికీ ఎల్లి ఎనక్కి ఇచ్చీమని అడగమంటారా?"

పట్నాయక్ కౌన్సిల్ ఏకగ్రీవ తీర్మానమని గొణిగాడు. త్రిపురాంతకం సగటు సూత్రాన్ని వివరించబోయాడు. సింహాద్రి చెయ్యెత్తి ఆపాడు. తనకు మీథేన్ అంటే ఏటో తెలియదనీ, అది వంకరో తిన్ననో తనకక్కర్లేదనీ, తన మనవడు పాసవ్వాలనీ, అది సాయంత్రంలోగా జరగాలనీ చెప్పాడు.

కీని మళ్ళీ తొంభైకి మార్చడానికి లేదు. ఏకగ్రీవ తీర్మానం అడ్డం, ప్రతినిధి సంతకం అడ్డం. ఇద్దరు డాక్టర్లూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అప్పుడు హైమావతిని పిలిపించారు.

ఆమె కొత్తగా ఏమీ కనిపెట్టలేదు. మన పరీక్షల్లో తాతల నాటినుంచీ ఉన్న ఆచారాన్నే గుర్తుచేసింది. ప్రశ్న వివాదాస్పదమైతే దాన్ని రద్దు చేసి, ప్రయత్నించిన ప్రతివాళ్ళకీ మార్కు కలుపుతారు. తప్పెవరిదో తేల్చనక్కర్లేదు. కీ అలాగే ఉంటుంది, తీర్మానం అలాగే ఉంటుంది, అబ్బాయి పాసవుతాడు.

"ప్రయత్నించిన ప్రతివాళ్ళకీ అంటే?" అన్నాడు త్రిపురాంతకం, అనుమానంగా.

"ప్రతివాళ్ళకీ సార్. ఒక్కడికే కలిపితే బాగోదు కదా."

సింహాద్రి ఆమెను ఎగాదిగా చూసి, ఈ మేడమే కాస్త తెలివైన మనిషిలాగుందన్నాడు. చీకటి పడకముందే సంతకాలయ్యాయి. తొంభై రాసిన తేజేశ్వర్ పాసయ్యాడు, నూటతొమ్మిదిన్నర రాసిన గౌతమి పాసైంది, 'మీథేన్‌లో బంధకోణం లేదు' అని రాసిన ఇంకొకడికి కూడా మార్కొచ్చింది. వార్డెన్ కబురు పంపింది. గౌతమి ట్రంకుపెట్టెలో బట్టలు తీసి మళ్ళీ కొక్కేలకు తగిలించుకుంది.

కథ ఇక్కడ ఆగితే వ్యవస్థకు అన్యాయం చేసినట్టవుతుంది. వ్యవస్థ ఊరికే ఊరుకోదు, గుణపాఠం నేర్చుకుంటుంది. ఇలాంటి వివాదాలు పునరావృతం కాకుండా మీథేన్‌ని సిలబస్ నుంచి తొలగించారు. మీథేన్ తరవాత అమ్మోనియా, అప్పటికే సస్పెన్షన్‌లో ఉంది గనక, సులువుగా పోయింది. నీళ్ళు పోయాయి. చివరికి రసాయన బంధం, అణువుల ఆకృతి అన్న అధ్యాయమే పోయింది. అధ్యాయం పోతే పీరియడ్లు తగ్గాయి. పీరియడ్లు తగ్గితే పనిభారం తగ్గింది. పనిభారం తగ్గినందున కాంట్రాక్ట్ పోస్టు అవసరం లేదని తేలింది. జూన్‌లో హైమావతి ఉద్యోగం యథాప్రకారం చచ్చింది. ఈసారి పుట్టలేదు.

వీడ్కోలు సభ బాగానే చేశారు. శాలువా కప్పారు. ఆమె సేవలు బహుముఖమని పట్నాయక్ మాట్లాడుతుంటే, బహుముఖమంటే మూడో కొలత కిందికి వస్తుందేమోనని త్రిపురాంతకం కాస్త కదిలాడు.

సభ అయ్యాక పట్నాయక్ ఆమె వెనకాలే గేటుదాకా వచ్చాడు. అటూ ఇటూ చూశాడు. తన కూతురు ఇంటర్ చదువుతోందనీ, వచ్చే నెల ఎంట్రన్స్ ఉందనీ, అణువుల ఆకృతుల మీద బిట్లు ఖాయంగా వస్తాయనీ చెప్పాడు. పిల్లకి బొత్తిగా బుర్రకెక్కడం లేదట. ఎవరైనా బెలూన్లతో చెబితే బాగుంటుందనుకుంటున్నాడట.

"బెలూన్లెందుకు సార్?" అంది హైమావతి. "మన కీ ఉందిగా."

"అది మన కాలేజీలో మేడమ్," అన్నాడు పట్నాయక్, గొంతు తగ్గించి. "బయట ఎంట్రన్స్‌లో తొంభై అని రాస్తే పిల్ల జీవితం ఏం కావాలి?"

హైమావతి శాలువా తీసి మడతపెట్టి సంచిలో పెట్టుకుంది. ఆయన వంక చూసింది. బెలూన్లు కూర్చున్న రోజున ఆయన ముఖంలో వెలిగి ఆరింది ఏమిటో ఆమెకిప్పుడు పూర్తిగా తెలిసింది.

"పిల్లని రేపు మా ఇంటికి పంపించండి సార్, చెబుతాను," అంది. "మీకు మాత్రం చెప్పలేను. మీకు చెప్పాలంటే మళ్ళీ కౌన్సిల్ పెట్టాలి."